థైమస్‌లో డబుల్ పాజిటివ్ కణాలు 83 నుంచి 50 శాతానికి పడిపోయాయి. జన్యువు వల్లా, నా చేతి తప్పు వల్లా?

కావలి_అమ్మాయి · మే 27, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నాది కావలి. నెల్లూరు దగ్గర ఒక ల్యాబులో పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తున్నాను. ఒక జన్యువు తీసేసిన ఎలుకల్లో టీ కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలు) ఎలా ఎదుగుతున్నాయో చూడటం నా పని.

మా దగ్గర ఫ్లో సైటోమీటర్ (ఒక్కో కణం మీద ఏ ప్రోటీన్లున్నాయో రంగు వెలుగుతో చదివే మెషీన్) లేదు. టీ కణాలు ఎదిగే గ్రంథి అయిన థైమస్ తీసి, కణాలకు రంగు అంటించిన యాంటీబాడీలు పట్టించి, ఫిక్స్ చేసి (చెడకుండా రసాయనంతో బిగించి), ఐస్ డబ్బాలో పెట్టుకుని తెల్లవారుజాము రైలుకు చెన్నై వెళ్లి అక్కడ మెషీన్ మీద చదివించుకొస్తాను. మొన్న 2 మామూలు బ్లాక్ సిక్స్ జాతి ల్యాబ్ ఎలుకలు, 2 జన్యువు లేనివి చేశాను. సగటున వచ్చిన లెక్క ఇది:

మామూలువి: కణం పైపొర ప్రోటీన్లయిన సీడీ4, సీడీ8 రెండూ ఉన్నవి (డబుల్ పాజిటివ్) 83 శాతం, సీడీ4 ఒక్కటే ఉన్నవి 9, సీడీ8 ఒక్కటే ఉన్నవి 3, రెండూ లేనివి 5.
జన్యువు లేనివి: అదే వరుసలో 50, 28, 12, 10.

మా గైడ్ చాలా సంతోషపడ్డారు. ఈ జన్యువు లేకపోతే కణాలు తొందరగా పరిపక్వమవుతున్నాయని రాసేద్దాం అంటున్నారు. నాకెందుకో మనసు ఒప్పడం లేదు, రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఎవరైనా చూసి చెప్తారా?

ఒంగోలు_ఫ్లో · మే 27, రాత్రి 11:20

శాతాలు ఇచ్చావు గానీ అసలు సంఖ్యలు ఇవ్వలేదమ్మా. ఒక్కో థైమస్‌లో మొత్తం ఎన్ని కణాలు వచ్చాయి? ఎలుకల వయసెంత, ఆడవా మగవా? చనిపోయిన కణాల్ని దేనితో పక్కకు తీశావు? టీసీఆర్ బీటా (టీ కణం రిసెప్టర్‌లో ఒక గొలుసు) యాంటీబాడీ కూడా వేశావా? ఇవి తెలియకుండా సీడీ4, సీడీ8తో వచ్చే ఆ నాలుగు గడుల బొమ్మ గురించి ఏం మాట్లాడినా ఊహే అవుతుంది.

కావలి_అమ్మాయి · మే 28, ఉదయం 6:15

సార్, అన్నీ 4, 5 వారాల ఆడ ఎలుకలే. మామూలు వాటిలో సగటున 14 కోట్ల కణాలు వచ్చాయి. జన్యువు లేని వాటిలో నాలుగున్నర కోట్లే. థైమస్ చూడగానే చిన్నదని తెలిసిపోయింది.

చనిపోయిన కణాల కోసం మెషీన్ ఎక్కించే ముందు ప్రొపిడియం అయొడైడ్ అనే ఎర్ర రంగు వేశాను. కానీ అన్ని కణాలూ ఎర్రగానే కనిపించాయి, అందుకని దాన్ని వదిలేశాను. టీసీఆర్ బీటా, సీడీ24 వేశాను గానీ ఇంకా విడిగా చూడలేదు.

ఒంగోలు_ఫ్లో · మే 28, ఉదయం 7:05

ముందు ఈ లెక్క నువ్వే వేసి చూడు. 14 కోట్లలో 9 శాతం అంటే దాదాపు ఒక కోటీ 26 లక్షలు. నాలుగున్నర కోట్లలో 28 శాతం అంటే? అదీ ఒక కోటీ 26 లక్షలే. సీడీ4 కణాలు ఒక్కటి కూడా పెరగలేదు. సీడీ8వి 42 లక్షల నుంచి 54 లక్షలకు వచ్చాయి, అంతే. డబుల్ పాజిటివ్‌లు మాత్రం పదకొండున్నర కోట్ల పైనుంచి రెండుంపావు కోట్లకు పడిపోయాయి. అంటే ఇక్కడ ఎవరూ తొందరగా ఎదగలేదు. మధ్య తరగతి మొత్తం ఖాళీ అయింది, మిగిలినవాళ్ల వాటా పెద్దదిగా కనిపిస్తోంది. "తొందరగా పరిపక్వం" అని రాయొద్దని మీ గైడ్‌కు ఈ ఒక్క లెక్క చూపించి చెప్పు.

ఇక ఆ ఎరుపు సంగతి. ప్రొపిడియం పొర చెదిరిన కణంలోకి వెళ్లి డీఎన్‌ఏకు అంటుకుంటుంది. ఫిక్స్ చేస్తే బతికున్న కణం పొర కూడా చెదురుతుంది కాబట్టి అన్నీ ఎర్రబడతాయి. నీలా ఫిక్స్ చేసి ఊరు దాటించేవాళ్లు ఫిక్స్ చేయకముందే, ప్రోటీన్లకు గట్టిగా అతుక్కునే రంగు వాడాలి. "ఫిక్సబుల్ వయబిలిటీ డై" అని అడిగితే ఇస్తారు. చనిపోయిన కణాలకు యాంటీబాడీ ఊరికే అంటుకుంటుంది, లేని ప్రోటీన్ ఉన్నట్టు చూపిస్తుంది. ఇంకోటి, పీఈ-సై7 లాంటి జంట రంగులు ఉంటే ఫిక్స్ చేశాక వెలుతురులో ఉంచకు. ఆ జంట విడిపోయి పీఈ గడిలో దొంగ వెలుగు వస్తుంది. రైలులో డబ్బాకు ఫాయిల్ చుట్టే ఉంచు.

కొండపి_జువాలజీ · మే 28, మధ్యాహ్నం 1:30

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మా పుస్తకంలో టీ కణాలు థైమస్‌లో పరిపక్వం చెందుతాయని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం లోపల ఇంత కథ ఉందని ఇప్పుడే తెలుస్తోంది. ఈ సీడీ నంబర్లేమిటో, కణం ఎదుగుతున్న కొద్దీ పైపొర మీద ఏం మారుతుందో ఎవరైనా మా పిల్లలకు చెప్పినట్టు చెప్తారా?

ఒంగోలు_ఫ్లో · మే 28, రాత్రి 9:50

మాస్టారూ, మీరు అడిగారని చాలా సంతోషంగా ఉంది. ఓపికగా రాస్తాను.

కణం పైపొర మీద వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే దారి కనుక్కున్నారు. ఇక ప్రతి ల్యాబూ తన యాంటీబాడీకి తన పేరు పెట్టుకుంది. ఒకే ప్రోటీన్‌కు నాలుగు పేర్లు. ఆ గందరగోళం పోవాలని 1982లో పారిస్‌లో సమావేశమై వాటికి సీడీ నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. నంబరులో వేరే అర్థమేమీ లేదు. సీడీ8 సీడీ4 కంటే పెద్దదనో, తర్వాత పుడుతుందనో పిల్లలు అనుకోకూడదు.

ఇప్పుడు ఎదుగుదల. మన వరి సాగు అనుకోండి. విత్తనం ఎముక మజ్జలో తయారవుతుంది, నారు మాత్రం థైమస్‌లో పోస్తారు. మజ్జ నుంచి వచ్చిన పసి కణం మీద సీడీ4 ఉండదు, సీడీ8 ఉండదు. అందుకే వీటిని డబుల్ నెగటివ్ అంటాం. థైమస్‌లో ఇవి నూటికి అయిదు లోపే ఉంటాయి గానీ, అసలు నిర్ణయాలు జరిగేది ఇక్కడే. ఎలుకలో దీన్ని నాలుగు మెట్లుగా చూస్తాం. మొదటి మెట్టులో సీడీ44 ఉంటుంది, సీడీ25 ఉండదు. రెండో మెట్టులో రెండూ ఉంటాయి. మూడో మెట్టులో సీడీ44 తగ్గిపోయి సీడీ25 ఒక్కటే మిగులుతుంది. నాలుగో మెట్టులో అదీ పోతుంది. మొదటి రెండు మెట్లలో సీ-కిట్ అనే ప్రోటీన్ కూడా బాగా ఉంటుంది, అది మజ్జ వాసన ఇంకా పోలేదనడానికి గుర్తు.

మూడో మెట్టు దగ్గర పరీక్ష ఉంటుంది. కణం తన టీసీఆర్ బీటా జన్యువు ముక్కల్ని కోసి అతికించుకోవాలి. సరిగ్గా అతికితే ఆ బీటా గొలుసు, ప్రీ-టీ ఆల్ఫా అనే తోడుతో కలిసి పైకి వస్తుంది, కణం బతుకుతుంది, గబగబా విభజన చెందుతుంది. అతకకపోతే అక్కడే ఆగి చనిపోతుంది. ర్యాగ్ జన్యువు లేని ఎలుకలకు ఈ కోత పెట్టే పనిముట్టే ఉండదు, అందుకే వాటి థైమస్ మూడో మెట్టు దగ్గర నిలబడిపోతుంది. 1992లో ఆ ఎలుకలు వచ్చాకే ఈ మెట్టు ఎంత కఠినమో స్పష్టమైంది.

పాసైన కణం మీదికి సీడీ4, సీడీ8 రెండూ వస్తాయి. ఇవే డబుల్ పాజిటివ్‌లు, కుర్ర ఎలుక థైమస్‌లో నూటికి 80కి పైగా ఇవే. ఇక్కడ రెండో గొలుసు ఆల్ఫా కూడా వచ్చి పూర్తి రిసెప్టర్ తయారవుతుంది. అది ఒంట్లోని ఎంహెచ్‌సీని (ప్రోటీన్ ముక్కల్ని కణం పైన ఎత్తి చూపించే ప్రోటీన్‌ను) బొత్తిగా గుర్తించకపోతే కణం పట్టించుకునేవాళ్లు లేక పోతుంది. సొంత ఒంటి ముక్కల్నే మరీ గట్టిగా పట్టుకుంటే కలుపు తీసినట్టు తీసేస్తారు. నూటికి తొంభైకి పైగా ఇలా పోయేవే. మిగిలిన వాటి మీదికి సీడీ69, సీడీ5 పెరుగుతాయి. ఎంహెచ్‌సీ రెండో రకంతో పొసిగినది సీడీ4ను ఉంచుకుంటుంది, మొదటి రకంతో పొసిగినది సీడీ8ను. బయటికి పోయే ముందు సీడీ24 తగ్గుతుంది, సీడీ62ఎల్ పెరుగుతుంది. అది నారు పీకి పొలంలో నాటే వేళ.

మీ పిల్లలకు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి. ఏ ఒక్క ప్రోటీన్‌ను చూసీ కణానికి పేరు పెట్టకూడదు. థైమస్‌లో సీడీ25 పసి కణం గుర్తు. అదే సీడీ25 పెద్ద ఎలుక ప్లీహంలో ఒక సీడీ4 కణం మీద కనిపిస్తే, అది ఒంటి మీద ఒళ్లే తిరగబడకుండా కాపలా కాసే కణం కావచ్చు. 1995లో సకగుచి ఎలుకల్లో చూపించింది అదే, 2025లో నోబెల్ వచ్చినవాళ్లలో ఆయన ఒకరు.

కొండపి_జువాలజీ · మే 28, రాత్రి 10:30

ధన్యవాదాలు సార్. వరి నారు పోలిక మా పిల్లలకు వెంటనే ఎక్కుతుంది, సగం మంది రైతు బిడ్డలే. కాలేజీ తెరవగానే బోర్డు మీద నాలుగు మెట్లూ గీసి చెప్తాను.

కోవూరు_పశువైద్యుడు · మే 29, ఉదయం 5:50

నేను ఎలుకల మనిషిని కాదు, గేదెలు, కోళ్లు చూసుకునేవాణ్ణి. అయినా ఈ అమ్మాయి చెప్పింది చదవగానే ఒక సందేహం వచ్చింది.

తల్లీ, ఆ జన్యువు లేని ఎలుకలు మీ ల్యాబులోనే పుట్టాయా, బయటి నుంచి వచ్చాయా? వస్తే ఎప్పుడు, ఎలా వచ్చాయి? అడగడానికి కారణం ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మనం ఇప్పుడు ఆ కార్తెలోనే ఉన్నాం. ఈ ఎండల్లో లారీలో తెచ్చిన కోడిపిల్లను పోస్ట్‌మార్టం చేస్తే మెడ వెంబడి ఉండే థైమస్ కుంచించుకుపోయి కనిపిస్తుంది, కోడిలో బీ కణాలు ఎదిగే సంచి బర్సా కూడా. భయానికీ వేడికీ అడ్రినల్ గ్రంథి నుంచి స్టెరాయిడ్ పొంగుతుంది. థైమస్‌కు దాని దెబ్బ మామూలుగా ఉండదు.

మాస్టారూ, మీ పిల్లలకు పనికొస్తుంది, ఇదీ రాసుకోండి. బీ కణంలోని "బీ" ఈ కోడి బర్సా నుంచి వచ్చిన అక్షరమే. గంబోరో వైరస్ ఆ బర్సాలోని బీ కణాలనే చంపుతుంది. ఆ తర్వాత కోడికి ఏ టీకా వేసినా సరిగ్గా పట్టదు.

కావలి_అమ్మాయి · మే 29, ఉదయం 8:10

సార్, మీ పోస్ట్ చదివి కాసేపు కుర్చీలోనే కూర్చుండిపోయాను.

జన్యువు లేనివి వేరే రాష్ట్రం నుంచి రోడ్డు మీద వచ్చాయి. తెచ్చిన ఏజెన్సీ వ్యాను దారిలో ఆగిపోయి, ఒక పూట ఆలస్యంగా చేరాయి. వచ్చిన మూడో రోజునే కోశాను, ఎందుకంటే చెన్నైలో మెషీన్ ఆ రోజుకే దొరికింది. మామూలు ఎలుకలు మా యానిమల్ హౌస్‌లో పుట్టి పెరిగినవి. జన్యువు లేని వాటి తోబుట్టువులు కూడా అదే వ్యానులో వచ్చాయి గానీ, వాటి జీనోటైపింగ్ రిపోర్టు (ఏ ఎలుకలో ఆ జన్యువు ఉందో లేదో చెప్పేది) అప్పటికి రాలేదు. అందుకే మా దగ్గరివే తీసుకున్నాను.

ఒంగోలు_ఫ్లో · మే 29, ఉదయం 8:40

డాక్టర్ గారు అసలు చోటే పట్టుకున్నారు. నేను మెషీన్ వైపు చూస్తూ ఎలుకను మర్చిపోయాను. థైమస్‌లో స్టెరాయిడ్‌కు అందరికంటే ముందు రాలేవి డబుల్ పాజిటివ్‌లే. పరిపక్వమైన సీడీ4, సీడీ8 కణాలు చాలావరకు తట్టుకుంటాయి. నీ లెక్కలో కనిపించింది అచ్చంగా ఈ వరుసే. ఒకటి రెండు రోజుల్లో పడిపోయే ఈ గుంపు మళ్లీ నిండటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.

సింగరాయకొండ_బీసెల్ · మే 29, మధ్యాహ్నం 12:15

నేను బీ కణాల మీద పనిచేస్తాను. చెల్లీ, అదే రోజు ఎముక మజ్జ కూడా తీశావా? తీసి ఉంటే నీ అనుమానాన్ని ఇంకో దారిలో పరీక్షించొచ్చు.

ఎలుక మజ్జలో బీ కణాల ఎదుగుదలను 1991లో హార్డీ బృందం ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలతో విడగొట్టింది. మనం ఇప్పటికీ ఆ అక్షరాలే వాడుతున్నాం. బీ220 అనే ప్రోటీన్ ఈ గుంపులన్నింటి మీదా ఉంటుంది. సీడీ43 ఉన్నంతవరకు ఏ, బీ, సీ గుంపులు, వీటిని సీడీ24, బీపీ-1 చూసి విడదీస్తాం. సీడీ43 పోయి ఐజీఎం (బీ కణం పైన వచ్చే ఒక రకం యాంటీబాడీ) ఇంకా రానిది డీ, అదే చిన్న ప్రీ-బీ కణం. ఐజీఎం వస్తే ఈ. ఐజీడీ కూడా వచ్చి బీ220 ఇంకా పెరిగితే ఎఫ్.

స్టెరాయిడ్ పొంగినప్పుడు మజ్జలో గట్టిగా దెబ్బతినేవి డీ, ఈ గుంపులు. ఎఫ్ నిలబడుతుంది. నీ మజ్జలోనూ అవే తగ్గి ఉంటే దెబ్బ థైమస్ ఒక్కదానికే కాదు, ఒళ్లంతటికీ తగిలిందని అర్థం.

కావలి_అమ్మాయి · మే 29, రాత్రి 11:05

అక్కా, మజ్జ ఫైళ్లు ఉన్నాయి, ఇప్పుడే తెరిచాను. బీ220 ఉండి సీడీ43, ఐజీఎం రెండూ లేని గుంపు మామూలు వాటితో పోలిస్తే సగం కూడా లేదు. ఎఫ్ గుంపు దాదాపు సమానంగానే ఉంది.

ఇంకో సంగతి. ఒంగోలు సార్ అడిగారని సీడీ8 గడిని టీసీఆర్ బీటా, సీడీ24తో చూశాను. ఆ 12 శాతంలో మూడో వంతు కణాల మీద టీసీఆర్ బీటా తక్కువగా, సీడీ24 చాలా ఎక్కువగా ఉంది. పరిపక్వమైన సీడీ8 కణానికి ఇది తలకిందులు కదా?

ఒంగోలు_ఫ్లో · మే 30, ఉదయం 6:30

తలకిందులు కాదమ్మా, అవి వేరే కణాలు. ఎలుకలో నాలుగో మెట్టు దాటి డబుల్ పాజిటివ్ అయ్యే దారిలో ముందు సీడీ8 వస్తుంది, కొద్ది గంటల తర్వాత సీడీ4. ఆ మధ్యలో ఉన్నవాటిని ఇమ్మెచ్యూర్ సింగిల్ పాజిటివ్ అంటాం. వట్టి నాలుగు గడుల బొమ్మలో అవి పెద్ద సీడీ8 కణాల గడిలోనే పడతాయి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మనిషిలో అయితే ఈ దశలో ముందు వచ్చేది సీడీ4. అందుకే మనుషుల పేపర్ చూసి ఎలుకకు గేట్ (బొమ్మలో ఏ కణాల్ని లెక్కించాలో చెప్పే గీత) గీయకూడదు.

థైమస్ మళ్లీ నిండుతున్నప్పుడు ఈ దశ కణాలు ఎక్కువ కనిపించడం సహజమే. వాటిని పక్కకు తీస్తే నీ నిజమైన సీడీ8 లెక్క 36 లక్షల దగ్గరికి వస్తుంది, అంటే మామూలు వాటికంటే ఎక్కువేమీ కాదు.

థైమస్ తీసేటప్పుడు పక్కనే అంటుకుని ఉండే చిన్న లింఫ్ గ్రంథుల్ని కూడా వదలకుండా తీసెయ్. అవి ఒకటి రెండు వచ్చినా పరిపక్వ కణాలు, బీ కణాలు వచ్చి కలుస్తాయి. థైమస్ చిన్నదైన కొద్దీ ఆ కలుషితం వాటా పెరుగుతుంది.

ఆత్మకూరు_జన్యు · మే 30, ఉదయం 10:00

ఒక్క విషయంలో అందరితో విభేదిస్తాను. ప్రయాణం వల్లే అని అప్పుడే తీర్పు చెప్పేస్తున్నాం. ఆ జన్యువు లేకపోవడం వల్లే కణాలు స్ట్రెస్‌ను తట్టుకోలేకపోయి ఉండొచ్చు కదా? అదే వ్యానులో వచ్చిన తోబుట్టువులను అదే రోజు కోసి ఉంటే తేలేది. ఇప్పుడు మన దగ్గరున్నది జన్యువు, ప్రయాణం కలిసిపోయిన ఫలితం. "జన్యువు వల్ల" అనడానికి ఆధారం లేదు, "జన్యువు వల్ల కాదు" అనడానికీ లేదు.

సింగరాయకొండ_బీసెల్ · మే 30, ఉదయం 10:25

ఒప్పుకుంటాను. మజ్జ చూసినా ఆ ముడి విడిపోదు. మిగిలిన ఎలుకలకు విశ్రాంతి ఇచ్చి, తోబుట్టువులతో కలిపి చేయాలి.

కోవూరు_పశువైద్యుడు · మే 30, మధ్యాహ్నం 2:40

విశ్రాంతి అంటే గదిలో పడేయడం కాదు. ఏసీ పగలూ రాత్రీ ఆగకుండా 22 డిగ్రీల దగ్గర ఉండాలి. 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి తప్పకూడదు. కరెంటు పోతే జనరేటర్ ఎత్తుకునే లోపు గది ఎంత వేడెక్కుతుందో థర్మామీటర్ పెట్టి రాసుకో. కోసే రోజు ఒకదాని ముందు ఇంకోదాన్ని కోయొద్దు, వేరే గదిలోకి తీసుకెళ్లు. ఇంత బతుకు మన చేతిలో పెట్టింది, ఆ మాత్రం చూసుకోవడం మన ధర్మం.

కావలి_అమ్మాయి · జూన్ 19, రాత్రి 9:20

అందరికీ మళ్లీ నమస్కారం. గైడ్‌కు మీ లెక్కలన్నీ చూపించాను. మొదట కొంచెం బాధపడ్డారు, తర్వాత ఆ కోటీ 26 లక్షల లెక్క తనే కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకుని, "మళ్లీ చేద్దాం" అన్నారు.

అదే వ్యానులో వచ్చి, మూడు వారాలకు పైగా మా గదిలో ఉన్నవాటిలో జన్యువు లేనివి 3, తోబుట్టువులు 3 తీసుకున్నాను. ఈసారి ఫిక్స్ చేయకముందే చనిపోయిన కణాల రంగు వేశాను. ఏ గొట్టంలో ఏ ఎలుకో నాకు తెలియకుండా మా జూనియర్ నంబర్లు వేశాడు.

డబుల్ పాజిటివ్‌లు తోబుట్టువుల్లో 82 శాతం, జన్యువు లేని వాటిలో 81. మొత్తం కణాల సంఖ్యలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. సీడీ4, సీడీ8 గడులు అచ్చం ఒకేలా ఉన్నాయి. మజ్జలో డీ గుంపు తిరిగి నిండింది.

మొదటి ఫలితం రాసేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. ఆ నాలుగు ఎలుకల ప్రాణం ఊరికే పోయిందని మాత్రం అనుకోను. వాటివల్లే ఇది నేర్చుకున్నాను.

ఒకటి మాత్రం మిగిలింది. డబుల్ నెగటివ్‌లను మెట్లుగా విడగొడితే, జన్యువు లేని 3 ఎలుకల్లోనూ మూడో మెట్టు, అంటే సీడీ25 ఒక్కటే ఉన్న గుంపు, తోబుట్టువుల కంటే కొంచెం ఎక్కువగా ఉంది. నాలుగో మెట్టు కొంచెం తక్కువ. తేడా చిన్నదే. నమ్మొచ్చా?

ఆత్మకూరు_జన్యు · జూన్ 19, రాత్రి 10:00

మూడింటిలోనూ ఒకే దిక్కుకు రావడం మంచి సూచన. కానీ 3 ఎలుకలతో మాట ఇవ్వలేం. ఇంకో రెండు విడతలు, మీ దగ్గరే పుట్టిన పిల్లలతో చెయ్. ఎథిక్స్ కమిటీ అనుమతిలో ఎన్ని ఎలుకలు మిగిలాయో ముందే చూసుకో.

ఒంగోలు_ఫ్లో · జూన్ 19, రాత్రి 10:35

డబుల్ నెగటివ్ గేట్‌లో బీ220, సీడీ11బీ, టెర్119, ఎన్‌కే1.1, గామా డెల్టా టీసీఆర్, సీడీ3 ఉన్న కణాలన్నీ తీసేశావా? నూటికి 5 కూడా లేని గుంపును నాలుగు ముక్కలు చేస్తున్నాం, అందులో బయటి కణాలు కొన్ని కలిసినా బొమ్మ మారిపోతుంది. ఎన్‌కే1.1 బ్లాక్ సిక్స్‌లో పనిచేస్తుంది. ముందు ముందు బాల్బ్-సీ ఎలుకలకు మారితే ఆ యాంటీబాడీకి ఏమీ దొరకదు, గుర్తుపెట్టుకో.

అవన్నీ తీసేశాక కూడా తేడా నిలబడితే, మూడో మెట్టును సీడీ27, సీడీ28తో రెండుగా చీల్చు. బీటా పరీక్ష దాటిన కణాల మీద ఆ రెండూ పెరుగుతాయి, కణం సైజు కూడా పెద్దదవుతుంది. దాటనివి పోగుపడుతున్నాయా, దాటినవే కదలకుండా ఆగిపోతున్నాయా అన్నది అక్కడ తెలుస్తుంది. కణం లోపలి టీసీఆర్ బీటాకు కూడా రంగు వేయగలిగితే ఇంకా మంచిది. అసలు మీ జన్యువు పని చేసేది ఈ మెట్టు దగ్గరేనేమోనని నాకిప్పుడు ఆశ కలుగుతోంది.

కావలి_అమ్మాయి · జూన్ 19, రాత్రి 11:10

సీడీ11బీ, బీ220 తీశాను సార్. గామా డెల్టా, ఎన్‌కే1.1 వేయలేదు. సీడీ27 యాంటీబాడీ మా ఫ్రిజ్‌లో ఉంది, సీడీ28 ఆర్డర్ పెట్టాలి. మా గదిలో రెండు జంటలు కట్టాను, పిల్లలు పుట్టి అయిదు వారాలు నిండేసరికి ఆగస్టు సగం దాటుతుంది. అప్పుడు ఇదే చర్చలో మళ్లీ రాస్తాను.

కోవూరు_పశువైద్యుడు · జూన్ 20, ఉదయం 5:45

తల్లి ఎలుక ఈనే ముందు రెండు రోజులు, ఈనాక వారం రోజులు బోను కదపొద్దమ్మా. గూడు కట్టుకోవడానికి కాగితం ముక్కలు వెయ్.